ఒట్టి పూలు

1956వ సంవత్సరం చివరి రోజులు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు నెలలు కూడా కాలేదు. తిరువూరులో మా వ్యవసాయ శాఖ ఆఫీసు బోర్డు మీద ఇంకా పాత రాష్ట్రం పేరే ఉండేది; కొత్త పేరు రాయడానికి రంగు మంజూరు కాలేదు. ఆ ఆఫీసులో నేను డిమాన్‌స్ట్రేటర్ని. అంటే పైనుంచి వచ్చిన మేలురకం విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు రైతులకు చూపించి, ఒప్పించి, వాడించే ఉద్యోగం. మా మాట వినే రైతు ఒకడుంటే, "అసలు మీరెప్పుడైనా అరక పట్టారా?" అని అడిగేవాళ్ళు పదిమంది ఉండేవాళ్ళు. నాకేమో ముక్కు మీద కోపం. అలాంటి ఉద్యోగంలో అన్నేళ్ళు ఎలా నెగ్గుకొచ్చానో ఇప్పటికీ నాకే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఒకరోజు పొద్దున్నే పిచ్చయ్యగారు వచ్చారు. ఆయన వినగడప అవతల ఒక ఊళ్ళో మోతుబరి రైతు. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లు కూడా మార్చే రాస్తున్నాను. ఆయన బల్ల మీద కూర్చుని, కండువా కొసన కట్టిన మూట విప్పారు. అందులో పసుపెక్కి ముడతలు పడిన గుమ్మడి పిందెలున్నాయి.

"పొడి ఇవ్వండి సారూ."

"ఏం పొడి?"

"అదేనండి, పురుగులకి చల్లేది. బావి కింద గుమ్మడి పెట్టాం. పిందె వేస్తంది, రెండోనాటికి పచ్చబడి రాలిపోతంది."

"పురుగు కనిపించిందా?"

"లేదండి. కనిపించకపోయినా చల్లి చూద్దాం. దానికీ ఆగకపోతే అది పురుగు పని కాదనుకోవాలి."

"మరెవరి పని?"

ఆయన కండువా మళ్ళీ మడత పెట్టుకున్నారు. "మా పెద్ద కోడలండి. మావాడు విషజ్వరంతో పోయి ఏడాది దాటింది. పిల్లల్లేరు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తదిలే అని తోట ఆ పిల్లకి అప్పజెప్పా. ఆ కాలు పడబట్టే పిందె నిలవట్లేదని ఆడవాళ్ళంటున్నారు. పండగెళ్ళాక పుట్టింటికి పంపిద్దామనుకుంటున్నాం."

"అక్కడ ఎవరున్నారు?"

"ఒక అన్న. వాడికి వాడి పిల్లల్తోనే జరగదు."

పొడి పనిచేస్తే ఆ అమ్మాయి ఇంట్లో ఉంటుంది, చేయకపోతే వెళ్ళిపోతుంది. ఒక పురుగుమందు మీద ఇంత బరువు పెట్టిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. పొడి ఇవ్వనని, ముందు తోట చూస్తానని చెప్పాను.

మర్నాడు సైకిలు మీద వెళ్ళేసరికి బాగా పొద్దెక్కింది. చుట్టూ పత్తి చేలు, మధ్యలో మోటబావి, దాని కింద గుమ్మడి పాదులు. పాదుల చుట్టూ కంప కట్టి ఉంది. ఆ కంప బయట, చేతులు కొంగులో చుట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయేమో. తను పెంచిన తోటకి తనే పరాయిదానిలా, లోపలికి రాకుండా గట్టు మీద ఆగిపోయిన ఆమే నాంచారమ్మ అని నాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

నేను పాదుల్లోకి దిగి రాలిన పిందెల్ని చాకుతో చీల్చి చూశాను. కాయ ఈగ పొడిచిన గాటు లేదు, లోపల పురుగు లేదు, కుళ్ళు లేదు. గింజలు మాత్రం మొదలే కాలేదు. తీగ వెంబడే వెనక్కి, మొదలు దాకా వెళ్ళాను. అక్కడ ఆకుల కింద పెద్ద పెద్ద గుమ్మడికాయలు హాయిగా కూర్చుని ఉన్నాయి.

"ఇవెప్పుడు కట్టినవి?" అని అడిగాను.

"కార్తీకంలోనండి," అన్నారు పిచ్చయ్యగారు.

"అప్పుడు తోటలో ఎవరున్నారు?"

ఆయన కంప వైపు చూశారు. "ఆ పిల్లే. గింజ పెట్టిందీ అదే."

"అప్పుడు తగలని కాలు ఇప్పుడు తగిలిందా?"

నేను మళ్ళీ తీగ కొస వైపు వచ్చాను. అప్పుడు గమనించాను, తోటలో ఏదో తక్కువగా ఉందని. గుమ్మడి ఒక్క ఆడపువ్వు పూసేలోగా ఎన్నో మగపూలు పూస్తుంది. ఆ వేళప్పుడు ఆకుల మధ్య పసుపుపచ్చ గరాటాల్లాంటి పూలు నిండుగా ఉండాలి. ఒక్కటీ లేదు. ఆకులు తొలగించి చూస్తే పొడుగాటి కాడలు తెగి ఉన్నాయి, కొసల దగ్గర జిగురు ఎండి ఉంది.

"పూలేవండీ?"

"పూలా? ధనుర్మాసం కదండీ, పిల్లలు గొబ్బెమ్మలకి కోసుకుపోతారు," అని, నా మొహం చూసి వెంటనే సర్ది చెప్పారు. "పిందె ఉన్న పువ్వు ముట్టుకోరండి. మా ఆవిడ గట్టిగా చెప్పింది. కింద పిందె లేని ఒట్టి పూలే కోస్తారు. కాయ కాయని పువ్వు దేవుడికన్నా పనికొస్తది గదా అని."

ఈ ఏడే ఎందుకిలా జరిగిందని అడిగితే సంగతి బయటపడింది. ఏటా ఊళ్ళో ప్రతి ఇంటి కప్పు మీదా గుమ్మడి తీగ ఉంటుంది. ఎవరి వాకిట్లో గొబ్బెమ్మలకు వాళ్ళ తీగ పూలే సరిపోయేవి, తీగ మీద ఇంకా మిగిలేవి కూడా. ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టి కప్పుల మీది తీగలన్నీ కుళ్ళిపోయాయి. మిగిలింది పిచ్చయ్యగారి తోట ఒక్కటే. ఊళ్ళో ఆడపిల్లలంతా తెల్లవారకముందే బుట్టలు పట్టుకుని అక్కడికే వస్తున్నారు.

ఇక్కడ కాస్త వృక్షశాస్త్రం చెప్పక తప్పదు. కాయ కట్టాలంటే మగ భాగంలోని పోలెన్, అంటే పుప్పొడి, ఆడ భాగం కొసన ఉండే జిగురు మొన మీద పడాలి. ఆ మొనని మేము స్టిగ్మా అంటాం. వరి పువ్వులో ఇవి రెండూ ఒకే పొట్టులో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి బయటివాళ్ళ సాయం లేకుండా పని అక్కడికక్కడే అయిపోతుంది. దీన్ని సెల్ఫ్ పోలినేషన్ అంటారు. గుమ్మడిలో ఒకే తీగ మీద మగపూలు వేరు, ఆడపూలు వేరు. దీనికి మోనీషియస్ అని పేరు. తాడి ఇంకో అడుగు ముందుకు వేసింది. పోతుతాడు వేరు, పెంటితాడు వేరు, చెట్లకి చెట్లే విడిపోయాయి. తాటి సంగతి మన పల్లెల్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. గుమ్మడి దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ తట్టలేదు.

మొదటినుంచీ ఇలా లేదనీ, చాలా మొక్కల పూర్వీకుల్లో రెండు భాగాలూ ఒకే పువ్వులో కలిసి ఉండేవనీ మాకు కాలేజీలో చెప్పేవారు. గుమ్మడి ఆడపువ్వుని లెన్సు కింద పెడితే, స్టిగ్మా మొదట్లో కుంచించుకుపోయిన కేసరాల ఆనవాళ్ళు కనిపిస్తాయి. ఎన్నో వేల తరాల్లో ఒక పువ్వు తనలో సగాన్ని వదులుకుంది, ఇంకో పువ్వు రెండో సగాన్ని వదులుకుంది. ఎప్పుడూ తన పుప్పొడితో తానే కాయ కాసుకుంటే చాలా మొక్కల్లో సంతానం నీరసిస్తుంది. మేము మొక్కజొన్నని అలా పెంచి చూశాం. తరం తరానికీ మొక్క గిడసబారిపోయింది.

గట్టు మీద కూర్చుని నేనిదంతా చెబుతుంటే పిచ్చయ్యగారు శ్రద్ధగా విన్నారు. కంప అవతల నాంచారమ్మ కూడా వింటోంది.

"అంటే గుమ్మడికి మేనరికాలు పడవంటారు," అన్నారాయన.

"దగ్గరివాళ్ళకన్నా దూరపువాళ్ళు మేలని మగా ఆడా వేరు చేసుకుందనుకోండి. కానీ అలా చేసుకున్నందుకు ఇంకొకరి మీద ఆధారపడాల్సి వచ్చింది. అదే తీగ మీది మగపువ్వయినా ఫరవాలేదు, పుప్పొడి మాత్రం తేనెటీగ తెచ్చి పెట్టాలి. ఆడపువ్వు తెల్లారి విచ్చుకుంటే మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. దాని బతుక్కి ఆ ఒక్క పూటే. మీ తోటలో తేనెటీగ వచ్చేసరికి మగపువ్వు మీ వాకిట్లో గొబ్బెమ్మ మీద ఉంటోంది."

ఆయన నమ్మారనే అనుకున్నాను. కానీ అందరం ఇంటికి వెళ్ళి ఈ మాట చెప్పేసరికి ఆయన భార్య ఆదెమ్మగారు చాట కింద పడేసి లేచారు.

"పండగ నెల్లో గౌరమ్మకి పెట్టే పువ్వు కాయని చంపుద్దా? మా అమ్మ పెట్టింది, మా అత్త పెట్టింది. ఎవరింట్లో రాలినయ్యి? పసుపు కుంకం లేనిది పొద్దున్నే పాదుల్లో తిరుగుతుంటే అది తప్పు కాదు, గౌరమ్మ తప్పయిందా?"

ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఎదిగిన కొడుకు కళ్ళ ముందు పోయాడు. ఆ దుఃఖానికి ఎవరో ఒకరు కారణం కావాలి. దేవుణ్ణి అనలేరు, జ్వరాన్ని అని లాభం లేదు, ఎదురుగా కోడలు ఉంది. ఇది అర్థమైనా నాకు కోపం ఆగలేదు. వాదించి గెలవలేనని తెలిసి, పరీక్ష పెడదామన్నాను. కొన్ని ఆడపూలకు మనమే చేత్తో పుప్పొడి అద్దుదాం, అవి నిలబడితే తప్పు పూలు కోయడానిదే. పిచ్చయ్యగారు ఒప్పుకున్నారు.

"అద్దేది మాత్రం మీ పెద్ద కోడలి చేత్తోనే," అన్నాను.

ఆ మాటకి అందరికన్నా ముందు బెదిరింది నాంచారమ్మే. "నా చెయ్యి వద్దండి అన్నయ్యగారూ. మా తోడికోడలి చేత చేయించండి. నేను చేసి, అదీ రాలిపోతే..."

"మీరు కూడా నమ్ముతున్నారా అమ్మా?"

"నమ్మక ఏం చేస్తానండీ. మధ్యలో నాలుగు రోజులు తోటకి రాటం మానేశా. అప్పుడూ రాలినయ్యి. డాబా మీంచి చూశానన్నారు. చూశానేమో మరి. బట్టలారేసేది అక్కడే గదా."

నాకు కళ్ళు చెమర్చాయి, వెంటనే కోపమూ వచ్చింది. నాకు ఆ రెండూ ఎప్పుడూ జంటగానే వస్తాయి.

"అందుకే మీ చెయ్యి కావాలమ్మా. మీ తోడికోడలు అద్ది కాయ కడితే, చూశారా ఆమె చెయ్యి మంచిది అంటారు. మీ మీద నింద ఇంకా గట్టిపడుతుంది. అర్థమైందా?"

ఆమె తల ఊపింది.

ఆ సాయంత్రం నేనూ నాంచారమ్మా తోటలో మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని ఏరాం. అలాంటి మొగ్గ కొస పసుపు తిరిగి ఉంటుంది. మగమొగ్గలకీ ఆడమొగ్గలకీ కూడా కొసన దారం కట్టాం. పువ్వు విచ్చుకోకుండా, తేనెటీగ దూరకుండా, పిల్లలు కోయకుండా ఉండటానికి. కొన్ని ఆడమొగ్గల్ని ఏమీ చేయకుండా వదిలేశాం. పోల్చి చూడటానికి ఇలా ముట్టకుండా వదిలేసిన వాటిని మేము కంట్రోల్ అంటాం. నేను ఆ ఊరి బడి వరండాలో పడుకున్నాను.

తెల్లారి మంచు దట్టంగా ఉంది. పిల్లలు బుట్టలతో వచ్చి విచ్చుకున్న ఒట్టి పూలు కోసుకుని వెళ్ళారు. దారం కట్టినవి ముట్టుకోకుండా పిచ్చయ్యగారే కంబళి కప్పుకుని కాపలా కాశారు. ఎండ రాగానే మగమొగ్గ దారం విప్పించి, రేకులు ఒలిపించి, మధ్యలోని కాడని ఆడపువ్వు స్టిగ్మాకి మెల్లగా అద్దమన్నాను. పుప్పొడి ఆమె వేళ్ళకి పసుపులా అంటుకుంది. గబుక్కున చీరకి తుడుచుకోబోయి ఆగింది. తర్వాత పువ్వుకి వెళ్ళింది, దాని తర్వాత ఇంకోదానికి వెళ్ళింది. అద్దిన ప్రతి ఆడపువ్వునీ మళ్ళీ మూసి కట్టి, కాడకి ఎర్రదారం చుట్టాం. చివరికి వచ్చేసరికి నేను చెప్పకుండానే ఆమే అద్దుతోంది.

నేను తిరువూరు వచ్చేశాను గాని మనసు అక్కడే ఉంది. చేత్తో అద్దినవన్నీ నిలవవని నాకు తెలుసు. నీళ్ళు తక్కువైనా, తీగ మోయలేకపోయినా కొన్ని రాలతాయి. అన్నీ రాలితే మాత్రం ఆ అమ్మాయిని నా చేతులతోనే బండెక్కించినట్టవుతుంది.

వారం దాటాక వెళ్ళాను. ఆ రోజు ఆదెమ్మగారు కూడా తోటకి వచ్చారు. పాదుల్లో అడుగు పెట్టగానే వంగి, ఎర్రదారం ఉన్న పిందెని ఒకదాన్ని పైకి తీశారు. పసుపెక్కి ఉంది. ఇంకో అడుగు వేసి ఇంకోటి తీశారు.

"ఇదిగో. మీ ఎర్రదారమే గదా," అన్నారు.

నాంచారమ్మ వెనక్కి తిరిగింది. కంప దాకా వెళ్ళిపోయింది. పిచ్చయ్యగారు మాత్రం వంగి, ఒక్కొక్క ఆకే తొలగిస్తూ తీగ వెంబడి నడిచారు. ఒకచోట ఆగారు. ఇంకోచోట ఆగారు. అలా చివరిదాకా వెళ్ళి నడుం ఎత్తారు.

"నిలబడ్డయ్యే," అన్నారు.

ఆ రాలినవి పోను ఎర్రదారం ఉన్న మిగతా పిందెలన్నీ ముంతంతేసి అయి, ఆకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి. దారం లేని వాటిలో ఒక్కటి మిగల్లేదు. ఆదెమ్మగారు వచ్చి చూశారు. ఒక పిందె మీద చెయ్యి వేసి నొక్కి చూశారు.

"నాంచారీ," అని పిలిచారు పిచ్చయ్యగారు. "నువ్వెక్కడికీ పోవక్కర్లా. పంపేమాట ఇంక ఇంట్లో ఎవరూ ఎత్తొద్దు."

నాకు గర్వంగా అనిపించింది. దండం పెడుతుందనే అనుకున్నాను. ఆమె దగ్గరికి వచ్చి, గట్టు మీద నిలబడి ఇలా అడిగింది.

"పువ్వు లేక పిందె రాలిందని తేల్చారు అన్నయ్యగారూ, మీ పుణ్యం. రేపు ఈనిన గేదెకి దూడ పోతే? మిరపకి తెగులొస్తే? అప్పుడూ వస్తారా మీరు?"

ఆ అడగడంలో నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నా పరీక్ష ఒక కాయ సంగతి తేల్చింది. ఆమె అడుగుతున్నది తన మిగతా జీవితం సంగతి. నా చదువులో దానికి జవాబు లేదు.

పిచ్చయ్యగారు ఆ మాట విన్నారు. కండువాతో మొహం తుడుచుకున్నారు. అప్పుడే ఆదెమ్మగారు, "అయితే గొబ్బెమ్మలకి పూలు మానెయ్యాలా ఇంక?" అన్నారు.

"మానక్కర్లేదండి," అన్నాను. "మగపూలు కావలసినన్ని పూస్తాయి. ఏవి కోయాలో, ఏవి తేనెటీగకి వదలాలో చూసి కోయాలి, అంతే."

"అది తెలిసింది నాంచారికే గదా," అన్నారు పిచ్చయ్యగారు. "రేపట్నుంచి తోటలో ఎవరూ చెయ్యి పెట్టొద్దు. పూలు కావాల్సినోళ్ళు కంప బయట నిలబడండి. నాంచారి కోసిస్తది. అది ఇచ్చినన్నే."

"పొద్దున్నే దాని మొహం చూసి, దాని చేతి పువ్వు గౌరమ్మకా?"

"ఆ పువ్వే. లేదంటే పూల్లేవు."

ఆదెమ్మగారు కొంగు బిగించి వెళ్ళిపోయారు. ఈ ఏర్పాటు పండగ దాకా కూడా సాగదనుకుంటూ నేను సైకిలెక్కాను.

మరుసటి ఏడు ధనుర్మాసంలో గంపలగూడెం వైపు క్యాంపుకి వెళ్తూ ముందురోజు రాత్రి పిచ్చయ్యగారింట్లో ఆగాను. పొద్దున్నే అరుగు మీద కూర్చున్నాను. వాకిట్లో ముగ్గు పూర్తయింది, పేడతో గొబ్బెమ్మలు చేసి వరసగా పెట్టారు. ఆదెమ్మగారు పసుపు కుంకుమ పళ్ళెం పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఇళ్ళ కప్పుల మీద తీగలు మళ్ళీ వచ్చాయి కాబట్టి పూలకి కొదవలేదు. నాంచారమ్మ పూలే కావాలన్న అవసరం ఆ ఇంటికి ఇంక లేదు. చిన్న కొడుకు కూతురు బుట్టతో పరుగెత్తుకుంటూ తోట వైపు నుంచి వచ్చింది.

ఆదెమ్మగారు బుట్టలోకి చూసి మొహం చిట్లించారు. నేను అరుగు మీంచి సగం లేచాను.

"ఏంటే ఇంత చిన్న పూలిచ్చింది మీ పెద్దమ్మ? రేపు పెద్దవి ఏరి ఇమ్మన్నానని చెప్పు," అని సణుక్కుంటూ, ఒక పువ్వు తీసి గొబ్బెమ్మ మీద గుచ్చారు.

నా ఉద్యోగంలో నాకు మెచ్చుకోళ్ళు దొరికాయి, బదిలీలూ దొరికాయి. ఆ సణుగుడు విన్నప్పుడు కలిగినంత సంతోషం మరి దేనికీ కలగలేదు. శకునం చూసే అత్తగారు పోయి, పువ్వు చిన్నదని కోడలి మీద విసుక్కునే మామూలు అత్తగారు వచ్చారు. ఆవిడను మార్చింది నా లెన్సు కాదు, నా ఎర్రదారమూ కాదు. రుజువు ఒక్క పూట పని చేస్తుంది. మర్నాటికి అపనమ్మకం ఇంకో దారి వెతుక్కుంటుంది. ముందు ఏడు పండగ వెళ్ళేదాకా ప్రతి పొద్దునా పువ్వు కోసం ఆ చేతి ముందు చెయ్యి చాచాల్సి రావడమే ఆ ఇంటిని మార్చింది. ఒకరి అవసరం లేకుండా ఒకరు కాయ కాయలేని ఏర్పాటు గుమ్మడి ఎందుకు చేసుకుందో నేను కాలేజీలో చదివాను. నాకది అర్థమైంది మాత్రం ఆ వాకిట్లో.

నేను బయల్దేరుతుంటే నాంచారమ్మ తోట నుంచి వస్తూ ఎదురొచ్చింది. పక్కకి తప్పుకోలేదు. "వెళ్ళొస్తారా అన్నయ్యగారూ," అంది. వేళ్ళకి పుప్పొడి ఉంది.